లోడ్ బ్యాలెన్సింగ్ పద్ధతుల్లో మీకేది సరిపోతుంది? కొలిచి తేల్చుకునే దారి

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు కారులో వెళ్లినవాళ్లకి చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్ ప్లాజా గురించి చెప్పక్కర్లేదు. దూరం నుంచే లైన్లన్నీ చూసుకుని, బళ్లు తక్కువున్న దాంట్లోకి దూరతాం. తీరా ముందున్న కారు ఫాస్టాగ్ స్కాన్ అవ్వదు. పక్క లైన్లో పది బళ్లు దాటిపోతాయి, మనం మాత్రం అక్కడే. మనం లెక్కపెట్టుకున్నది బళ్లని. చూడాల్సింది లైన్ కదిలే వేగాన్ని.

వచ్చే రిక్వెస్టుల్ని వెనకున్న సర్వర్లకి పంచే లోడ్ బ్యాలెన్సర్ పడే తిప్పలు కూడా ఇవే. "లోడ్" అనే మాటకి ఒక్కో పద్ధతి ఒక్కో అర్థం చెప్పుకుంటుంది. ఒకటి వచ్చిన రిక్వెస్టులు లెక్కపెడుతుంది, ఇంకోటి తెరిచి ఉన్న కనెక్షన్లు లెక్కపెడుతుంది. ఏమీ లెక్కపెట్టకుండా క్లయింట్ అడ్రస్ చూసి పంపేసేవీ ఉన్నాయి. మీ సర్వర్ మీద అసలు బరువు ఎక్కడ పడుతోందో తెలియకుండా పద్ధతుల పట్టిక ముందేసుకుని కూర్చుంటే ఏమీ తేలదు. అందుకే పని లాగ్ ఫైల్ (సర్వర్ ప్రతి రిక్వెస్ట్‌నీ రాసుకునే చిట్టా) దగ్గర మొదలుపెడదాం.

మెట్టు 1: లాగ్ తెరిచి నాలుగు సంగతులు రాసుకోండి

మొదటిది, ఒక్కో రిక్వెస్ట్‌కి పట్టే సమయం. సగటు చూడకండి, అది అబద్ధాలాడుతుంది. 50వ పర్సంటైల్ (నూటికి 50 రిక్వెస్టులు ఇంతలోపే అయిపోయాయని చెప్పే అంకె), 99వ పర్సంటైల్ (నూటికి 99) రెండూ తీసి పక్కపక్కన పెట్టండి. రెండోది మొదటిదానికి మూడు నాలుగు రెట్లే ఉంటే మీ రిక్వెస్టులన్నీ దాదాపు ఒకే సైజు అన్నమాట, ఏ పద్ధతి పెట్టినా బండి నడుస్తుంది. నలభై యాభై రెట్లుంటే (లాగిన్ పేజీ, నెలవారీ పీడీఎఫ్ రిపోర్ట్ రెండూ ఒకే సర్వర్ మీద ఉన్నప్పుడు ఇలాగే కనిపిస్తుంది) ఇక్కడి నుంచి ప్రతి మెట్టూ జాగ్రత్తగా చదవండి.

రెండోది, కనెక్షన్ ఎంతసేపు బతుకుతుంది. మామూలు వెబ్ పేజీకి సెకన్లు. వెబ్‌సాకెట్ చాట్‌కి గంటలు. జీఆర్‌పీసీ (ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ని నెట్‌వర్క్ మీద పిలిచే పద్ధతి) వాడే సర్వీసుల మధ్య అయితే రోజులు కూడా.

మూడోది, సర్వర్ తన దగ్గరేమైనా దాచుకుంటోందా. లాగిన్ సెషన్ మెమరీలో పెట్టుకుందా, లోకల్ క్యాష్ (మళ్లీ మళ్లీ అడిగేవాటి కాపీలు) ఉందా. నాలుగోది, మెషీన్లన్నీ నిజంగా ఒకటేనా. క్లౌడ్‌లో ఒకే టైప్ తీసుకున్నాం కదా అనుకుంటాం. క్రెడిట్ల మీద నడిచే బర్స్టబుల్ మెషీన్ అయితే, పొద్దున ఉన్న వేగం సాయంత్రం క్రెడిట్లు అయిపోయాక ఉండకపోవచ్చు.

వీటితో పాటు ఒక చిన్న గుణకారం చేసుకోండి. సగటున ఒకే సమయంలో లోపలున్న రిక్వెస్టులు = సెకనుకు వచ్చేవి × ఒక్కోటి తీసుకునే సమయం. క్యూల లెక్కల్లో దీన్ని లిటిల్ సూత్రం అంటారు, 1961లో జాన్ లిటిల్ నిరూపించాడు. సెకనుకు 200 రిక్వెస్టులు, ఒక్కోటి 150 మిల్లీసెకన్లు అంటే ఏ క్షణంలో చూసినా లోపల 30 ఉంటాయి. ఈ సూత్రాన్ని కింద మళ్లీ మళ్లీ వాడతాం.

మెట్టు 2: లేయర్ 4 కావాలా, లేయర్ 7 కావాలా

అల్గారిథమ్ కంటే ముందు తేలాల్సింది ఇది. లేయర్ 4 బ్యాలెన్సర్ కవరు విప్పదు, మీద ఉన్న అడ్రసులూ పోర్టులూ చూసి పంపిస్తుంది. ఒక కనెక్షన్‌ని ఒక మెషీన్‌కి అప్పజెప్పిందంటే, ఆ కనెక్షన్ తెగేదాకా అందులో వచ్చేవన్నీ ఆ మెషీన్‌కే. లేయర్ 7 బ్యాలెన్సర్ కవరు విప్పి, యూఆర్ఎల్, కుకీ చదివి, ఒక్కో రిక్వెస్ట్‌కీ విడిగా నిర్ణయం తీసుకుంటుంది. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్ మొదటి రకం, అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ రెండో రకం. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లో లోడ్ బ్యాలెన్సర్ మొదటిది, అప్లికేషన్ గేట్‌వే రెండోది.

ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందో నేను స్వయంగా చూశాను. ఒకచోట కుబర్నెటీస్ (కంటెయినర్లని నడిపించే వ్యవస్థ) మీద జీఆర్‌పీసీ సర్వీస్ ఉండేది. మూడు పాడ్‌లు (అందులో నడిచే ప్రోగ్రామ్ కాపీలు) సీపీయూ 90 శాతం దాటి ఆయాసపడుతుంటే వాటిని తొమ్మిది చేశాం. అరగంట తర్వాత కూడా ఆ పాత మూడే మండుతున్నాయి, కొత్త ఆరూ ఖాళీగా కూర్చున్నాయి. బ్యాలెన్సర్ పాడైందేమోనని రెండు గంటలు వెతికాం. పాడవలేదు. జీఆర్‌పీసీ హెచ్‌టీటీపీ/2 మీద నడుస్తుంది, ఒకే కనెక్షన్‌లో వందల రిక్వెస్టులు దూరుస్తుంది. కుబర్నెటీస్ సర్వీస్ వెనకుండే క్యూబ్-ప్రాక్సీ లేయర్ 4లో పనిచేస్తుంది. కనెక్షన్లన్నీ పొద్దున్నే ఆ మూడు పాడ్‌లతో కుదిరిపోయాయి, కొత్తవాటి వైపు వెళ్లడానికి కొత్త కనెక్షన్ అంటూ పుడితే కదా.

దీనికి మూడు మందులు. మధ్యలో ఎన్వాయ్ లాంటి లేయర్ 7 ప్రాక్సీ పెట్టడం ఒకటి. హెడ్‌లెస్ సర్వీస్ పెట్టి, పాడ్‌ల అడ్రసులన్నీ క్లయింట్‌కే ఇచ్చి, క్లయింట్‌లో రౌండ్ రాబిన్ (వంతుల వారీగా పంపడం) ఆన్ చేయడం రెండోది (జీఆర్‌పీసీ మామూలుగా మొదట దొరికిన అడ్రస్‌నే పట్టుకుని వేలాడుతుంది). సర్వర్ వైపు కనెక్షన్‌కి గరిష్ట వయసు పెట్టి, అది దాటగానే తెంపేయడం మూడోది. ఆ రోజు మేం మూడోది చేశాం, పది నిమిషాల పని.

మెట్టు 3: పద్ధతులు, అంకెలతో సహా

*రౌండ్ రాబిన్.* బంతి భోజనాల్లో వడ్డన లాంటిది. వరసగా అందరి ఆకుల్లోనూ గరిటెడు వేసుకుంటూ పోవడమే, ఎవరి ఆకు ఖాళీ అయింది, ఎవరిది నిండుగా ఉంది అని చూడదు. గొప్ప సుగుణం ఏమిటంటే దేన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఏం చేస్తుందో ముందే చెప్పొచ్చు. రిక్వెస్టులు, మెషీన్లు రెండూ సమానంగా ఉంటే దీన్ని మించింది లేదు. సమానంగా లేకపోతే ఏమవుతుందో లెక్కేసి చూద్దాం.

మూడు మెషీన్లు: క, ఖ, గ. ఒక్కోదానిలో 8 వర్కర్లు, ఒక్కో వర్కర్ ఒకసారికి ఒక రిక్వెస్ట్ పనే చూస్తాడు. సెకనుకు 60 రిక్వెస్టులు వస్తున్నాయి, తలా 20. క, ఖ ఒక్కో రిక్వెస్ట్‌ని 50 మిల్లీసెకన్లలో తేలుస్తాయి. గ-కి డిస్క్ జబ్బు చేసింది, 500 మిల్లీసెకన్లు పడుతోంది. క లోపల ఏ క్షణమైనా ఉండేది 20 × 0.05 = 1 రిక్వెస్ట్. గ సెకనుకు తేల్చగలిగేది 8 ÷ 0.5 = 16. వచ్చేది 20. సెకనుకు నాలుగు చొప్పున మిగిలిపోతాయి. నిమిషం గడిచేసరికి 240 మంది క్యూలో ఉంటారు, అప్పుడు వచ్చినవాడు 240 ÷ 16 = 15 సెకన్లు ఎదురుచూడాలి. ఇంతలో క, ఖ ఎనిమిదిలో ఏడుగురు వర్కర్లని ఖాళీగా కూర్చోబెట్టి ఉంటాయి. 50వ పర్సంటైల్ గ్రాఫ్ చూస్తే అంతా పచ్చగా కనిపిస్తుంది, ఎందుకంటే మూడింట రెండొంతుల మందికి ఏ ఇబ్బందీ లేదు. మిగతా ఒక వంతు మంది మాత్రం ఫోన్లు చేస్తుంటారు.

*వెయిటెడ్ రౌండ్ రాబిన్.* పెద్ద మెషీన్‌కి పెద్ద వంతు. ఎన్‌జిన్‌ఎక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ దీన్ని చక్కగా చేస్తుంది: 5, 1, 1 అని బరువులిస్తే మొదటిదానికి ఐదూ గుమ్మరించకుండా క, క, ఖ, క, గ, క, క అని పరిచి పంపుతుంది. చిక్కల్లా ఆ అంకె మీరు చేత్తో రాసింది కావడమే. పైన గ జబ్బుపడిన రోజు దాని బరువు తగ్గించడానికి ఎవరో నిద్రలేచి రావాలి. నేనైతే దీన్ని కొత్త వెర్షన్‌కి 5 శాతం ట్రాఫిక్ పంపి చూడటానికి వాడతాను, పాత, కొత్త మెషీన్లు కలిసి నడిచే రోజుల్లో వాడతాను. శాశ్వతంగా ఉంచను.

*లీస్ట్ కనెక్షన్స్.* ఎవరి దగ్గర తెరిచి ఉన్నవి తక్కువో వాళ్లకి పంపడం. పై ఉదాహరణనే దీనికి ఇవ్వండి. అందరి లోపలా రిక్వెస్టులు సమానంగా ఉండేలా ఇది సర్దుతుంది కాబట్టి, పది రెట్లు నెమ్మదైన గ-కి పదో వంతే వెళుతుంది. క, ఖలకి సెకనుకు సుమారు 28.6 చొప్పున, గ-కి 2.9. ఒక్కోదాని లోపల సుమారు 1.4. క్యూ లేదు. నూటికి ఐదుగురికి కూడా గ తగలదు, తగిలినవాళ్లూ చూసేది అర సెకను, పదిహేను సెకన్లు కాదు. బరువులు ఎవరూ రాయలేదు, డిస్క్ బాగైన క్షణం నుంచి దానంతట అదే మళ్లీ సమానమవుతుంది.

ఇంత మంచిదైతే అందరూ ఇదే పెట్టుకోవచ్చుగా? ఇక్కడే అసలు గొయ్యి ఉంది. ఈసారి గ నెమ్మదించలేదు. దానికి డేటాబేస్ పాస్‌వర్డ్ తప్పుగా వెళ్లింది, ప్రతి రిక్వెస్ట్‌కీ 2 మిల్లీసెకన్లలో 500 ఎర్రర్ (సర్వర్‌లో తప్పు జరిగిందనే జవాబు) కొట్టేస్తోంది. లీస్ట్ కనెక్షన్స్ కంటికి అది అందరికంటే చురుకైన పనివాడు! పని చెప్పీ చెప్పగానే ఖాళీ అయిపోతున్నాడు. ట్రాఫిక్ గట్టిగా ఉన్న వేళ వంతులు 25 : 1 : 1 దగ్గరికి వచ్చేస్తాయి, అంటే నూటికి 92 రిక్వెస్టులు చెడిపోయిన మెషీన్‌లో పడతాయి. రౌండ్ రాబిన్ అయితే 33 పడేవి. ఇంగ్లీషులో బ్లాక్ హోల్ అంటుంటారు, సరైన పేరే. ఈ పద్ధతి పెట్టుకునేవాళ్లు ఎర్రర్లని కూడా చూసే హెల్త్ చెక్ (మెషీన్ బాగుందా అని బ్యాలెన్సర్ చూసుకునే పరీక్ష) పెట్టుకోకపోతే, ఒక జబ్బు వదిలించుకుని ఇంకో జబ్బు తెచ్చుకున్నట్టే.

*హ్యాష్ పద్ధతులు.* క్లయింట్ అడ్రస్ లాంటిదాన్ని లెక్కగట్టి ఒక అంకెగా (హ్యాష్) మార్చి, ఆ అంకెని బట్టి మెషీన్‌ని ఎంచుకుంటాయి. సర్వర్ ఏదైనా దాచుకుంటే పనికొస్తాయి. ఒక క్లయింట్ ఎప్పుడూ ఒకే మెషీన్‌కి వెళతాడు. క్లయింట్ ఐపీ మీద హ్యాష్ చేయడం తేలిక, కానీ మన దేశంలో మొబైల్ నెట్‌వర్క్‌లలో వేలమంది ఒకే ఐపీవీ4 అడ్రస్ వెనక ఉంటారు, వాళ్లందరూ కట్టకట్టుకుని ఒకే మెషీన్ మీద పడతారు. ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఐపీ హ్యాష్ అయితే ఐపీవీ4 అడ్రస్‌లో మొదటి మూడు భాగాలే చూస్తుంది. ఆఫీసులో పదిమంది కూర్చుని టెస్ట్ చేసి "బ్యాలెన్సర్ పనిచేయట్లేదు, అన్నీ ఒకదానికే వెళుతున్నాయి" అని టికెట్ వేస్తారు. పనిచేస్తూనే ఉంటుంది, పదిమందీ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నారంతే. ఇంకో మాట: మీ ఎన్‌జిన్‌ఎక్స్ ముందు క్లౌడ్ బ్యాలెన్సర్ ఉంటే, ఎన్‌జిన్‌ఎక్స్‌కి కనిపించే ఐపీ ఆ బ్యాలెన్సర్‌ది. అసలు క్లయింట్ అడ్రస్‌ని హెడర్ లోంచి తీసుకోమని చెప్పకుండా ఐపీ హ్యాష్ పెడితే అంతా ఒకటి రెండు మెషీన్ల మీదే కుప్ప పడుతుంది. యూజర్ ఐడీ గానీ, యూఆర్ఎల్ గానీ చూసి హ్యాష్ చేయడం మేలు.

మెషీన్ల సంఖ్య మారినప్పుడే హ్యాష్ అసలు రంగు తెలుస్తుంది. మామూలు భాగాహారం హ్యాష్‌తో (అంకెని మెషీన్ల సంఖ్యతో భాగించి, శేషం చూసి పంపేది) నాలుగు మెషీన్లని ఐదు చేస్తే నూటికి 80 మంది చోటు మారిపోతారు, క్యాష్ మొత్తం ఒక్కసారిగా చల్లబడుతుంది, ఆ దెబ్బంతా డేటాబేస్ మీద పడుతుంది. కన్సిస్టెంట్ హ్యాషింగ్ అయితే కదిలేది సుమారు 20 మందే, అంటే కొత్త మెషీన్ వంతు మాత్రమే. 1997లో ఎంఐటీలో డేవిడ్ కార్గర్ బృందం రాసిన పేపర్ ఇది. ఆ పేపర్ రాసినవాళ్లలో ఇద్దరు మరుసటి ఏడాది అకామయ్ కంపెనీ పెట్టారు. గూగుల్ 2016లో మాగ్లెవ్ పేరుతో బయటపెట్టిన బ్యాలెన్సర్‌లోనూ ఇదే వంశం హ్యాష్ ఉంది. ఒక్క కీ విపరీతంగా పాపులర్ అయితే (మ్యాచ్ రోజు ఒకే స్కోర్ పేజీ) ఇదీ చేతులెత్తేస్తుంది. దానికి హెచ్ఏప్రాక్సీ అనే బ్యాలెన్సర్‌లో హ్యాష్ బ్యాలెన్స్ ఫ్యాక్టర్ అని ఉంది. 150 అని పెడితే ఏ మెషీన్ మీదా సగటుకి ఒకటిన్నర రెట్లు మించి పడకుండా మిగతావి పక్కదానికి తోస్తుంది.

*రెండింట్లో ఒకటి.* ఇది నాకు ఇష్టమైన పద్ధతి, దీన్ని వాడాల్సినంతగా వాడట్లేదని నా ఫిర్యాదు. యాదృచ్ఛికంగా రెండు మెషీన్లని తీసుకుని, ఆ రెండింట్లో తక్కువ పనున్నదానికి పంపాలి. అంతే. అన్నిటినీ పోల్చనక్కర్లేదు. 1994లో అజార్, బ్రోడర్, కార్లిన్, అప్ఫాల్ అనే నలుగురూ, ఆ తర్వాత 1996 థీసిస్‌లో మైఖేల్ మిట్జెన్‌మాకర్ దీని గణితం తేల్చారు: ఒకటికి బదులు రెండు చూస్తే చాలు, అందరికంటే ఎక్కువ మోసే మెషీన్ మీది బరువు అనూహ్యంగా తగ్గిపోతుంది. రెండు నుంచి మూడుకి పెంచినందువల్ల వచ్చే లాభం మాత్రం దాంతో పోలిస్తే చాలా చిన్నది.

దీని ఉపయోగం బ్యాలెన్సర్లు పది ఉన్నప్పుడు తెలుస్తుంది. పదీ లీస్ట్ కనెక్షన్స్ పెట్టుకుంటే, ఎవరి లెక్క వాళ్లదే, కొత్తగా వచ్చిన ఖాళీ మెషీన్ పది మందికీ ఒకేసారి ముద్దొస్తుంది, పది మందీ దాని మీద పడతారు. రెండింట్లో ఒకటి పద్ధతిలో ఆ గుంపు చేరదు. బ్లాక్ హోల్ నుంచి కూడా కొంత కాపాడుతుంది. పది మెషీన్లలో ఒకటి చెడిపోతే, తీసిన జతలో అది ఉండే అవకాశమే నూటికి 20, కాబట్టి ఎంత చురుగ్గా ఎర్రర్లు కొట్టినా 20 శాతం దాటి లాక్కోలేదు. అదే సందర్భంలో లీస్ట్ కనెక్షన్స్ దానికి 73 శాతం దాకా ఇచ్చేస్తుంది. ఎన్‌జిన్‌ఎక్స్‌లో 2018 నాటి 1.15.1 వెర్షన్ నుంచి ఇది ఉంది. ఎన్వాయ్‌లో లీస్ట్ రిక్వెస్ట్ అని పెడితే, బరువులన్నీ సమానంగా ఉన్నప్పుడు లోపల జరిగేది ఇదే.

మెట్టు 4: మీ ల్యాప్‌టాప్‌లో పోటీ పెట్టండి

నా అంకెల్ని నమ్మొద్దు, చేసి చూడండి. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు.

డాకర్‌లో ఒకే చిన్న ప్రోగ్రామ్‌ని మూడు కంటెయినర్లుగా లేపండి. పైథాన్ అయితే గునికార్న్ అనే సర్వర్‌లో 8 సింక్ వర్కర్లు ఇవ్వండి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో ఆలస్యం మార్చేలా రాయండి: రెండింటికి 50, మూడోదానికి 500 మిల్లీసెకన్లు. వాటి ముందు ఎన్‌జిన్‌ఎక్స్ పెట్టి, లాగ్ ఫార్మాట్‌లో అప్‌స్ట్రీమ్ (వెనకున్న మెషీన్) అడ్రస్, అప్‌స్ట్రీమ్ రెస్పాన్స్ టైమ్, స్టేటస్ మూడూ చేర్చండి. అప్‌స్ట్రీమ్ బ్లాక్‌లో జోన్ డైరెక్టివ్ తప్పకుండా రాయండి. అది లేకపోతే ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఒక్కో వర్కర్ ప్రాసెస్ తన లెక్క తను వేసుకుంటుంది, లీస్ట్ కనెక్షన్స్ ఎందుకో వింతగా ప్రవర్తిస్తోందని మీరు తల గోక్కుంటారు.

లోడ్ పెట్టే టూల్ దగ్గర చాలామంది తప్పులో కాలేస్తారు. "50 కనెక్షన్లు తెరిచి పెట్టు" అనే రకం టూల్ జవాబు వచ్చేదాకా తర్వాతి రిక్వెస్ట్ పంపదు. సర్వర్ నెమ్మదిస్తే టూల్ కూడా మర్యాదగా నెమ్మదిస్తుంది, క్యూ పెరగనే పెరగదు, ఫలితం అందంగా వస్తుంది. నిజం మనుషులు అలా ఆగరు. గిల్ టెనే అనే ఇంజినీర్ దీనికి కోఆర్డినేటెడ్ ఒమిషన్ అని పేరు పెట్టాడు. అందుకని సెకనుకు ఇన్ని అని స్థిరంగా పంపే టూల్ వాడండి: కే6లో కాన్‌స్టంట్ అరైవల్ రేట్, వెజీటా, డబ్ల్యూఆర్‌కే2 ఇవన్నీ ఆ పని చేస్తాయి.

సెకనుకు 60 చొప్పున రెండు నిమిషాలు పంపండి. లాగ్‌లో అప్‌స్ట్రీమ్ అడ్రస్ కాలమ్ తీసి సార్ట్, యూనిక్ చేస్తే ఎవరికెన్ని వెళ్లాయో తెలుస్తుంది. 99వ పర్సంటైల్ రాసుకోండి. తర్వాత అప్‌స్ట్రీమ్ బ్లాక్‌లో పద్ధతి చెప్పే ఒక్క లైన్ మార్చి, రీలోడ్ చేసి మళ్లీ అదే. రౌండ్ రాబిన్‌లో ఆలస్యం నిమిషం నిమిషానికీ మెట్లెక్కడం, లీస్ట్ కనెక్షన్స్‌లో అది నేల మీదే ఉండటం కళ్లకి కడుతుంది.

ఇప్పుడు మూడోదాన్ని 2 మిల్లీసెకన్లలో 500 కొట్టేలా మార్చి, లీస్ట్ కనెక్షన్స్‌తో మళ్లీ నడపండి. సెకనుకు 60 దగ్గర బ్లాక్ హోల్ కనిపించదు, అందరూ చాలాసేపు ఖాళీగానే ఉంటారు కాబట్టి వంతులు దాదాపు సమానంగా పడతాయి. 600 చేయండి. అప్పుడు బయటపడుతుంది. ఎన్‌జిన్‌ఎక్స్ దాన్ని పక్కన పెట్టదా అంటారా? మామూలుగా అది కనెక్షన్ తెగడం, టైమౌట్ లాంటివాటినే వైఫల్యంగా లెక్కేస్తుంది. 500 స్టేటస్‌ని కూడా లెక్కలోకి తీసుకోమని ప్రాక్సీ నెక్స్ట్ అప్‌స్ట్రీమ్ లైన్‌లో మీరే చెప్పాలి. చెప్పి మళ్లీ నడిపి చూడండి, తేడా అక్కడే ఉంది.

మెట్టు 5: హెల్త్ చెక్, స్లో స్టార్ట్, డ్రెయిన్

అల్గారిథమ్ గురించి వారం రోజులు వాదించుకునే టీమ్‌లు ఈ మూడింటినీ డిఫాల్ట్‌లో వదిలేస్తాయి. నా అనుభవంలో రాత్రిపూట ఫోన్ మోగించేవి ఎక్కువగా ఇవే.

ఏడబ్ల్యూఎస్ అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌లో డిఫాల్ట్ హెల్త్ చెక్ 30 సెకన్లకోసారి, వరసగా రెండుసార్లు తప్పితే మెషీన్ బయటికి. అంటే చచ్చిపోయిన మెషీన్‌కి దాదాపు నిమిషం పాటు ట్రాఫిక్ వెళ్తూనే ఉండొచ్చు. హెచ్ఏప్రాక్సీలో చెక్ ఆన్ చేస్తే డిఫాల్ట్ 2 సెకన్లకోసారి, మూడు తప్పులు. ఏడబ్ల్యూఎస్‌లో నేను 10 సెకన్లకి దించి పెట్టుకుంటాను.

చెక్ ఏ పేజీని అడగాలి? ఊరికే "బతికే ఉన్నాను" అనే పేజీ అయితే పాస్‌వర్డ్ తప్పిన మెషీన్ కూడా బతికే ఉన్నానంటుంది. పోనీ డేటాబేస్ దాకా వెళ్లి చూసొచ్చే పేజీ పెడితే, డేటాబేస్ ఒక్క క్షణం తడబడగానే అన్ని మెషీన్లూ ఒకేసారి ఫెయిల్ అంటాయి. అన్నీ ఫెయిలైతే ఏడబ్ల్యూఎస్ బ్యాలెన్సర్ ఎవర్నీ ఆపకుండా అందరికీ పంపేస్తుంది. ఎన్వాయ్ కూడా ఆరోగ్యంగా ఉన్నవి సగం కంటే తగ్గితే పానిక్ మోడ్‌లోకి వెళ్లి అదే చేస్తుంది. మధ్యేమార్గం: ఆ మెషీన్‌కి మాత్రమే సంబంధించినవి (కాన్ఫిగ్ చదివిందా, పాస్‌వర్డ్‌తో ఒక్కసారైనా కనెక్ట్ అయిందా, డిస్క్‌లో చోటుందా) చెక్‌లో పెట్టి, అందరికీ ఉమ్మడివి అలారంలో పెట్టండి.

స్లో స్టార్ట్ అంటే కొత్త మెషీన్‌కి ఒకేసారి నిండు బరువు ఎత్తకుండా మెల్లగా పెంచడం. జావా సర్వీసులకి ఇది ప్రాణం. ఏడబ్ల్యూఎస్‌లో 30 నుంచి 900 సెకన్ల దాకా పెట్టొచ్చు, అయితే రౌండ్ రాబిన్‌తో మాత్రమే. లీస్ట్ అవుట్‌స్టాండింగ్ రిక్వెస్ట్స్ (లీస్ట్ కనెక్షన్స్ లాంటిదే, రిక్వెస్టులు లెక్కపెడుతుంది) ఎంచుకున్నారంటే స్లో స్టార్ట్ మర్చిపోవాలి. కొత్త మెషీన్ మీద గుంపు పడేది సరిగ్గా ఆ పద్ధతిలోనే కదా, మరి. అప్పుడు వార్మప్ పని మీ యాప్‌లోనే చేసుకుని, అది పూర్తయ్యాకే హెల్త్ చెక్‌కి "సరే" అనాలి.

డ్రెయిన్ అంటే మెషీన్‌ని తీసేసేముందు, దాని లోపలున్న రిక్వెస్టులు పూర్తవడానికి ఇచ్చే గడువు. ఏడబ్ల్యూఎస్ అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌లో డిఫాల్ట్ 300 సెకన్లు. మామూలు ఏపీఐకి 30 చాలు, లేకపోతే ప్రతి డిప్లాయ్‌కీ ఐదు నిమిషాలు ఊరికే కాచుకుని కూర్చోవాలి. ఇక్కడే ఇంకో చిన్న ముల్లు: ఆ బ్యాలెన్సర్ ఐడిల్ టైమౌట్ 60 సెకన్లు, నోడ్ జేఎస్ సర్వర్ కీప్-అలైవ్ (పని లేకపోయినా కనెక్షన్ తెరిచి ఉంచే సమయం) చాలా వెర్షన్లలో 5 సెకన్లే. బ్యాలెన్సర్ ఇంకా బతికుందనుకున్న కనెక్షన్‌ని సర్వర్ మూసేస్తుంది, అప్పుడప్పుడు ఏ కారణమూ లేనట్టు 502 ఎర్రర్లు (వెనకున్న మెషీన్ నుంచి సరైన జవాబు రాలేదని) వస్తాయి. సర్వర్ కీప్-అలైవ్‌ని 60 కంటే ఎక్కువ చేస్తే పోతాయి.

మెట్టు 6: క్లౌడ్‌లో ఏ మీట ఎక్కడుంది

ఏడబ్ల్యూఎస్ అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌లో టార్గెట్ గ్రూప్ (బ్యాలెన్సర్ వెనకున్న మెషీన్ల గుంపు) ఆట్రిబ్యూట్స్‌లో మూడు ఎంపికలు: రౌండ్ రాబిన్ (డిఫాల్ట్), 2019లో వచ్చిన లీస్ట్ అవుట్‌స్టాండింగ్ రిక్వెస్ట్స్, 2023లో వచ్చిన వెయిటెడ్ రాండమ్. మూడోదానితో పాటు ఆటోమేటిక్ టార్గెట్ వెయిట్స్ ఆన్ చేస్తే, తోటి మెషీన్ల కంటే తేడాగా ఎర్రర్లు కొడుతున్నదాని వంతు దానంతట అదే తగ్గుతుంది. పైన చెప్పిన బ్లాక్ హోల్‌కి విరుగుడు అదే. నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్‌లో ఎంచుకోవడానికేమీ లేదు, ఫ్లో హ్యాష్ (అడ్రసులు, పోర్టులు వగైరాల మీద హ్యాష్) ఒక్కటే. అందులో క్రాస్-జోన్ (ఒక జోన్‌కి వచ్చినదాన్ని ఇంకో జోన్ మెషీన్లకీ పంచడం) డిఫాల్ట్‌గా ఆఫ్ ఉంటుందని మాత్రం గుర్తుపెట్టుకోండి. ఒక జోన్‌లో 1 మెషీన్, ఇంకో జోన్‌లో 3 ఉంటే, ఆ ఒంటరి మెషీన్‌కి 50 శాతం, మిగతావాటికి తలా 16.7 శాతం పడుతుంది. ఇది చూసి అల్గారిథమ్‌ని తిట్టినవాళ్లని ఎరుగుదును.

అజూర్ లోడ్ బ్యాలెన్సర్ డిఫాల్ట్‌గా అడ్రసులు రెండూ, పోర్టులు రెండూ, ప్రోటోకాల్ కలిపి ఐదింటి మీద హ్యాష్ చేస్తుంది. సెషన్ పర్సిస్టెన్స్‌లో క్లయింట్ ఐపీ ఎంచుకుంటే అది రెండు అడ్రసులకి తగ్గిపోతుంది, మొబైల్ యూజర్ల కుప్ప సమస్య అక్కడా వస్తుంది. గూగుల్‌లో రెండంతస్తులు: ఏ జోన్ గుంపుకి ఎంత అన్నది బ్యాలెన్సింగ్ మోడ్ తేలుస్తుంది, ఆ గుంపులో ఏ మెషీన్‌కి అన్నది లోకాలిటీ పాలసీ తేలుస్తుంది. రౌండ్ రాబిన్, లీస్ట్ రిక్వెస్ట్, రింగ్ హ్యాష్, మాగ్లెవ్ అక్కడ దొరుకుతాయి.

రెండు రీజియన్లలో ఉంటే (ఏడబ్ల్యూఎస్‌కి ముంబయి 2016 నుంచి, హైదరాబాద్ 2022 నవంబర్ నుంచి ఉన్నాయి) పైన డీఎన్ఎస్ (సైట్ పేరుని అడ్రస్‌గా మార్చే వ్యవస్థ) పంపకం ఉంటుంది. ఏడబ్ల్యూఎస్ డీఎన్ఎస్ సర్వీస్ రూట్ 53లో లేటెన్సీ, వెయిటెడ్, ఫెయిలోవర్ పాలసీలు ఇందుకే. టీటీఎల్ (ఆ అడ్రస్‌ని ఎంతసేపు గుర్తుంచుకోవచ్చో చెప్పే గడువు) 60 సెకన్లు పెట్టినా ఆ మాట వినని క్లయింట్లు ఉంటాయి, కాబట్టి రీజియన్ మార్చాక పాత చోట ఓ గంటైనా మెషీన్లు నడవనివ్వండి.

మెట్టు 7: ప్రొడక్షన్‌లో మార్చే రోజు

సెషన్లు, క్యాష్ లేని మామూలు ఏపీఐకి, రిక్వెస్టుల సైజులు ఎగుడుదిగుడుగా ఉంటే, రెండింట్లో ఒకటి దొరికితే అది, దొరక్కపోతే లీస్ట్ కనెక్షన్స్. రెండింటికీ ఎర్రర్లు చూసే హెల్త్ చెక్ తోడుండాలి. రిక్వెస్టులు, మెషీన్లు సమానమైతే రౌండ్ రాబిన్‌ని కదిలించకండి. లోకల్ క్యాష్ మీద బతికే సర్వీస్‌కి కన్సిస్టెంట్ హ్యాష్. లాగిన్ సెషన్ కోసం మాత్రం హ్యాష్ వద్దు, సెషన్‌ని రెడిస్ (మెషీన్లన్నీ పంచుకునే డేటా స్టోర్) లోకి తీసేయండి. వెబ్‌సాకెట్లకి లీస్ట్ కనెక్షన్స్, దాంతోపాటు డిప్లాయ్ తర్వాత పాత కనెక్షన్లని కొన్ని కొన్నిగా తెంపే ఏర్పాటు.

మార్చేది మంగళవారమో బుధవారమో పొద్దున పెట్టుకోండి, శుక్రవారం సాయంత్రం వద్దు. ఒక్క టార్గెట్ గ్రూప్‌తో మొదలుపెట్టి, పాత సెట్టింగ్‌కి తిప్పే కమాండ్ టైప్ చేసి పక్క టెర్మినల్‌లో సిద్ధంగా ఉంచండి. మెషీన్ వారీగా మూడు గ్రాఫులు తెరవండి: రిక్వెస్టులు, 99వ పర్సంటైల్, ఎర్రర్లు. మొత్తం కలిపి చూపించే గ్రాఫ్ మీద ఆధారపడకండి, గ పడిన బాధ అందులో కనిపించదు. గంట బాగా నడిచాక ఒక మెషీన్‌ని కావాలని ఆపండి. మూడు మెషీన్లూ 70 శాతం మీద నడుస్తుంటే ఒకటి ఆగగానే మిగతా రెండూ 105కి వెళతాయి. కాబట్టి ఆపేముందు ఈ లెక్క వేసుకుని, 66 దాటుతుంటే నాలుగో మెషీన్ లేపి పెట్టుకుని ఆపండి.